మేస్త్రీ సగం గీకేసిన కప్పు

మేస్త్రీ పోయాడన్న కబురు నాకు మా సంస్థ ఫోను గ్రూపులో ఒక పోస్టరుగా వచ్చింది. మొక్కను పట్టుకున్న రెండు అరచేతులు, వాటి కింద "పర్యావరణ యోధుడికి అశ్రునివాళి", దాని కింద "ఓం శాంతి". ఐదు పూటలా నమాజు చేసిన మనిషికి ఓం శాంతి! పేరు కూడా తప్పుగా రాశారు. ఆ కింద వరసగా దండం బొమ్మలు. ఆ దండాలు పెట్టినవాళ్లలో చాలామంది ఆయన్ని బతికుండగా ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు. నేనూ ఒక దండం పెట్టాను. తర్వాత సిగ్గేసి తీసేశాను.

ఆయన తాండూరులో ఇళ్లకు నాపబండల కప్పులు వేసే మేస్త్రీ. నేను వికారాబాద్‌లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, వాతావరణ మార్పు మీద జనానికి అవగాహన కల్పిస్తామనే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. అవగాహన ఎలా కల్పిస్తారో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ముందు ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకోవాలి. కిటికీలన్నీ మూసి ఏసీ వేయాలి. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పంచి, ప్లాస్టిక్ ఎంత చెడ్డదో చెప్పాలి. అందరి చేతా చేయి ముందుకు చాపించి ప్రతిజ్ఞ చేయించాలి. బయటికొచ్చి, పోయినేడు నాటిన మొక్క ఎండిపోయిన గుంతలోనే ఇంకో మొక్క నాటి ఫొటో దిగాలి. ఇంతలో భోజనాల వేళవుతుంది. ఈ తతంగం మధ్యలో అరగంట నా ఉపన్యాసం ఉండేది.

అలాంటి ఒక సభలోనే ఆయన్ని మొదటిసారి చూశాను. బండల పాలిష్ యూనిట్లలో పనిచేసే ఆడవాళ్లను, కొందరు మేస్త్రీలను బతిమాలి పిలుచుకొచ్చారు. నేను తెర మీద మంచుకొండలు చూపించాను. కరుగుతున్న మంచు ముక్క మీద నిలబడ్డ తెల్ల ఎలుగుబంటిని చూపించాను. తాండూరులో ఎవరికీ ఆ ఎలుగుబంటితో పని లేదని నాకు తోచనే లేదు. భూమి డిగ్రీన్నర వేడెక్కితే ఎంత ప్రమాదమో చెబుతుంటే ఒకావిడ లేచింది.

"సార్, జరమొస్తే మా పోరనికి మూడు డిగ్రీలు ఎక్కుతది. గోలి ఏస్తే దిగుతది. మీరు డిగ్రీన్నరకే గింత పరేషాన్ అయితుండ్రేంది?"

హాలంతా నవ్వింది. నేను గ్రాఫు చూపించాను. ఇంకా నవ్వారు.

అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఈ మేస్త్రీ చేతిలోని తాపీ పిడితో నేల మీద బండను టక్కుటక్కున కొట్టాడు. "సార్, బండ ఏసేముందు మేం గిట్ల కొట్టి సూస్తం. డొల్ల ఉంటే మోతల తెలుస్తది."

"అంటే నా మాట డొల్లగా ఉందా?" అన్నాను.

"నేను బండ సంగతి చెప్పిన. మీరే మీ మీదికి గుంజుకున్నరు."

ఆ తర్వాత ఆయన నన్ను వదిలేసి ఆవిడవైపు తిరిగాడు. "అక్కా, నీ చిన్నతనంల ఎండకాలం మిద్దె మీద పండుకుంటుంటివా?"

"ఎందుకు పండుకోకపోతిమి."

"బండ ఎప్పుడు సల్లారేది?"

"బువ్వ తినేటాల్లకు సల్లారేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడేడ సల్లారుతది. తెల్లారినా కాక పోదు."

"గదే మరి. పగలు ఎండ కాసుడు కొత్త గాదు. ఎక్కిన కాక దిగుతలేదు, గదీ కొత్త. కార్ఖానల పొగ, బండ్ల పొగ అంత మీద గోనెపట్ట కప్పినట్టు కప్పింది. నీ కొడుక్కి జరమొచ్చి దినాం దిగకపోతే గోలి ఏసి ఊకుంటవా, దవఖానకు ఉరుకుతవా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "మరి ఆ గోనె ఎవలు గుంజాలె?" అంది.

"కప్పినోళ్లు, మన మీద పెద్దరికం చేసేటోళ్లు. గుంజుతరా లేదా అని గల్ల పట్టి అడుగుడు మన పని. అందాక నీ నెత్తి మీది బండకు సున్నం కొట్టుకో. తెల్లగుంటే ఎండను ఎనకకు కొడ్తది."

నేను ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసి చెప్పింది, ఆయన కూర్చున్న చోటి నుంచి లేవకుండా చెప్పేశాడు. మెచ్చుకోవాలి కదా? నాకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు వెతుక్కుంటూ ఆయన ఇంటికే పోయాను.

ఆయన నోరు మంచిది కాదు. పోయాడు కదా అని ఇప్పుడు తేనె పూయలేను. పెద్ద మాట ఎవరు మాట్లాడినా తాపీతో నేల మీద కొట్టేవాడు. పని మాత్రం చాలా నిదానంగా చేసేవాడు. డ్రమ్ములో సున్నం తడిపి నానబెట్టి, తుమ్మజిగురు కలిపి, పాత లుంగీ గుడ్డలో వడబోసేవాడు. ముందు కప్పు కడిగి, బండ తడిగా ఉండగానే మొదటి పూత వేయాలి. తొందరపెడితే "నువ్వే కొట్టుకో పో" అని కుంచె చేతిలో పెట్టేవాడు. లోకమంతా వేడెక్కుతుంటే ఒక ఇంటికి సున్నం కొడితే ఏమొస్తుందని నేనొకసారి తెలివిగా అడిగాను. "లోకం నా గుత్త గాదు సార్. గీ గల్లీ నా గుత్త" అన్నాడు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. ఒక ఎండాకాలం ఆయన ఇంట్లో చాయ్ తాగుతూ, సున్నం ఎందుకు దండగ, పాలిష్ యూనిట్ల వెనక తెల్లటి రాతిపిండి కుప్పలుగా పడి ఉంది కదా, దాన్నే కలిపి కొట్టండి అన్నాను. ఆయన తాపీతో నేల మీద ఒకసారి కొట్టాడు. "అది అంటుకోదు సార్" అన్నాడు. నేను ఊరుకుంటేగా! రెండిట్లోనూ ఉండేది ఒకటేనని రసాయన శాస్త్రమంతా విప్పాను. నాకు తెలిసి ఆయన ఎవరికైనా లొంగింది ఆ ఒక్కసారే. "సదువుకున్నోళ్లు. మీకు తెలుస్తదేమో" అన్నాడు.

గల్లీలో కొన్ని ఇళ్లకు ఆ పిండి కొట్టాడు. చూడడానికి పాలలా తెల్లగా ఉంది. మొదటి గాలివానకు మొత్తం కొట్టుకుపోయింది. తూముల్లో గట్టిపడి నీళ్లు ఆగిపోయాయి. ఆగిన నీళ్లు బండల సందుల్లోంచి ఇళ్లలోకి దిగాయి. ఒకరి బియ్యం డబ్బా పాడైంది, ఒక బాలింత మంచం తడిసింది. తెల్లారేసరికి జనం ఆయన గుమ్మం ముందున్నారు.

"ఏం మేస్త్రివయా నువ్వు? ముగ్గు పిండి కొట్టి పోతవా?"

"నీ పర్యావరణం పాడుగాను, మేమే దొరికినమా?"

ఆ ముందు రోజు పని చూడ్డానికి వచ్చి వానకు ఆగిపోయిన నేను, సరిగ్గా ఆయన వెనక నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు తిరగలేదు. "తప్పు నాదే. కడిగి ఇస్త" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

అన్ని కప్పులూ ఒక్కడే కడిగాడు. కడగనిచ్చారు గాని మళ్లీ సున్నం మాత్రం ఎవరూ కొట్టనివ్వలేదు. ఆ గల్లీలో తెల్ల రంగు పేరెత్తితే తిట్టే పరిస్థితి వచ్చింది. అప్పుడాయన తన మిద్దె ఎక్కి, ఎన్నో ఏళ్లుగా పూత మీద పూత వేసుకున్న సొంత కప్పు మీది సున్నాన్ని ఇనుప కుంచెతో సగం గీకేశాడు. సగం తెలుపు, సగం నల్లబండ. తిట్టినవాళ్లనే ఒక్కొక్కరిని మధ్యాహ్నం పిలుచుకొచ్చి, చెప్పులు విప్పించి, మధ్య గీత మీద నిలబెట్టేవాడు. ఒక కాలు నల్లబండ మీద, ఒక కాలు సున్నం మీద.

"నా మాట నమ్మకు. ఆ సార్ మాట గూడ నమ్మకు. నీ కాలును అడుగు" అనేవాడు. మనిషి గెంతగానే, "ఏ కాలు తీసినవ్?" అని అడిగేవాడు.

అలా గల్లీ మళ్లీ ఆయన మాట విన్నది. తర్వాత బయటివాళ్లూ రావడం మొదలైంది. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి బండి మీద పోయేవాడొకడు దారిలో ఆగి ఎక్కి చూసి, వారం తిరక్కుండా తన ఇంటికి సున్నం కొట్టుకున్నాడు. కోట్‌పల్లి నుంచి కందులు అమ్మడానికి వచ్చిన రైతు ఒకాయన కాళ్లు తుడుచుకుంటూ, "అకాలం వానకు కందిపూత రాలుతున్నది. దానికేం సున్నం కొడ్తవ్?" అన్నాడు. "దానికి నా తాన మందు లేదు. నాకు తెల్వనిదాని మీద తాపీ పెట్ట" అన్నాడు మేస్త్రీ. మా వేదికల మీద ఈ మాట అన్నవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

ఆ నల్ల సగం కింద ఉన్నది వెనక గది. ఆయన మంచం ఉండేది అందులోనే. భాభీ, అంటే ఆయన భార్య, నా ముందే కేకలు వేసేది. "ముందటి అర్ర సల్లగ, ఎనకటి అర్ర పెనం. ఊరోళ్ల కాళ్ల కోసం నువ్వు మాడుతవా?"

"నువ్వు ముందట పండుకో. నాకు బండల కాక అలవాటే" అనేవాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఎండాకాలం ఆయన ఆ గదిలోనే పడుకున్నాడు.

ఆ కప్పు ఎక్కి నేను ఎన్నోసార్లు పక్కన నిలబడ్డాను గాని, గీత మీద మాత్రం నిలబడలేదు. బూట్లు విప్పాలంటే ఏదో ఒక సాకు. "సార్ బూట్ల లేసులు మస్తు పొడుగు. ఇప్పేటాల్లకు పొద్దు గూకుతది" అని ఆయనే వెక్కిరించేవాడు.

మా సంస్థ మాత్రం ఊరుకోలేదు. "చల్లని కప్పు – మా విజయగాథ" అని పెద్ద ఫ్లెక్సీ వేయించింది. అందులో నా మొహం గుమ్మడికాయంత ఉంది. మేస్త్రీవి కుంచె పట్టుకున్న నాలుగు వేళ్లు ఒక మూలన కనిపిస్తాయి. సభ అయిపోయాక ఆ ఫ్లెక్సీని ఆయన అడిగి తీసుకుపోయి సున్నం డ్రమ్ము మీద కప్పాడు. దానికి అంతకంటే మంచి ఉపయోగం నాకూ తోచలేదు.

ఆయన ఫిబ్రవరిలో పోయాడు. గుండె ఆగింది. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు నేను వికారాబాద్ నుంచి రైల్లో ఒక సున్నం సంచి, ఒక కుంచె పట్టుకుని వెళ్లాను. ఆ సగానికి సున్నం కొట్టి, రాతిపిండి మాట బయటపెట్టి, నా మనసు తేలిక చేసుకుందామని. చూశారా, అక్కడికి కూడా నా పని మీదే వెళ్లాను.

చుట్టాలంతా లేచాక భాభీ చాయ్ ఇచ్చింది. "భాభీ, ఒక మాట చెప్పాలె. ఆ రాతిపిండి కొట్టమన్నది..." అని మొదలుపెట్టాను.

"మీరే" అంది. "ఆనాడు నేను పక్క అర్రల చాయ్ పోస్తున్న. అంత ఇన్న."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "మరి ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

"చెప్త అన్న. ఆయన వద్దన్నడు. సార్ మీద నమ్మకం పోతే సార్ చెప్పే అసలు మాట మీద గూడ పోతది, గోనె సంగతి ఇంకెవ్వరు ఇనరు అన్నడు. మనిషి డొల్ల గాని మాట డొల్ల గాదు అన్నడు."

నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి సంచి వైపు చేయి చూపించి, "ఆ సగానికి సున్నం కొట్టి పోత, భాభీ" అన్నాను.

ఆమె వెనక గదివైపు చూసింది. మంచం గోడకు నిలబెట్టి ఉంది. "ఎందుకు సార్? ఇగ దాని కింద పండుకునేటోడు లేడు గదా. ఉండనియ్యుండ్రి. మొన్న గూడ ఇద్దరాడోళ్లొచ్చి ఎక్కి సూసి పోయిండ్రు."

సంచి తీసుకెళ్లి మెట్ల కింద డ్రమ్ము పక్కన పెట్టాను. డ్రమ్ము మీద ఫ్లెక్సీ అలాగే ఉంది. నా మొహం మీద సున్నం మరకలు ఎండిపోయి ఉన్నాయి. అక్కడే మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పాను, మేజోళ్లు కూడా తీసేశాను. పైకెక్కితే నడినెత్తిన ఎండ. గీత మీదికి వెళ్లి, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెట్టి నిలబడ్డాను.

నేను గెంతిన చప్పుడు కిందికి వినబడినట్టుంది.

"సార్," అని భాభీ కింది నుంచి పిలిచింది, "ఏ కాలు తీసిండ్రు?"