రెండు బీడీలంత సేపు

తొంభై మూడో, నాలుగో. ఎండాకాలం. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోతుంటే మా కారు వేడెక్కింది. పక్కకు తీసి ఇంజన్ ఆపేసినా, బానెట్ లోపల బుస్సుమని ఒకటే చప్పుడు. నాకు ఒళ్లు మండి, బానెట్ ఎత్తి రేడియేటర్ మూత తిప్పబోయినాను.

రోడ్డు పక్కన గొర్రెలు మేపుతున్న పెద్దాయన పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"తీయబాక అబ్బయ్యా! నీళ్లు మరుగుతుండాయి. రబ్బరు పైపు చీలి ఆవిరి కొడతా ఉండాది. చప్పుడు ఆగేదాకా కూర్చో."

అప్పుడు చూసినాను ఆ చేతిని. ఎప్పుడో కాలి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"నేనూ జీపు తోలినోణ్ణే," అన్నాడు బీడీ ముట్టిస్తూ. "మా ఇంటిదానికి నొప్పులు. ఆసుపత్రికి తీసకపోతా, నీ మాదిరే తొందరపడి మూత తీసినా. రెండు చేతులూ కాలినాయి. స్టీరింగ్ పట్టలేకపోయినా. తల్లీబిడ్డా రోడ్డు మీదే పోయినారు."

నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఇంకో బీడీ ముట్టించినాడు. చప్పుడు సన్నబడి, ఆగిపోయింది. ఆయన చెప్పినట్టే పైపుకు గుడ్డపీలిక చుట్టి, ఆయన తాగే నీళ్లే పోసినాను. కారు కదిలింది.

పోతాపోతా దండం పెడితే, ఆయన కింద పడున్న బీడీ ముక్కలనే చూస్తున్నాడు.

"రెండు బీడీలంత సేపు అబ్బయ్యా. అంతే ఆగాల్సింది."