మొగిలి చెయ్యెత్తిన రోజు

ఇరవై ఏడేళ్లుగా గోదావరిఖని నేల కింద మొగిలి పని వినడం. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి నడిచి ఇనుప కడ్డీతో పైకప్పును తడతాడు. బండ ఖంగుమంటే "మంచిగున్నది" అంటాడు. అప్పుడే తోటివాళ్లు అడుగు వేస్తారు. డొల్లగా మోగితే ఏమీ అనడు, అరచెయ్యి ఎత్తుతాడు. ఎందుకని అడగకుండా టోపీల మీది పన్నెండు దీపాలు ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి. ఆ చెయ్యిని నమ్మినవాళ్లెవరూ చనిపోలేదు.

మూసెయ్యబోయే గనుల జాబితాలో తమ బొగ్గుబాయి కూడా ఉందని తెలిసిన నెలలోనే, హైదరాబాదు నుంచి ఒక వ్యాపారవేత్తల సంఘం వచ్చి ఊళ్లో సభ పెట్టింది. దేశాభివృద్ధి మీద వాళ్లు రాసే నివేదిక ఢిల్లీకి వెళ్తుందట. కార్మికుల తరఫున ఒకరికి ఐదు నిమిషాలు ఇచ్చారు. యూనియన్ మనిషి వీరేందర్ మొగిలిని వెతుక్కుంటూ వచ్చాడు.

"మేం చెప్తె రాజకీయం అంటరు కాకా. నువ్వు చెప్పు. ఇంక ఇరవై ఏండ్ల బొగ్గున్నది, కప్పు గట్టిగున్నది. గంతే."

భార్య సారవ్వ నవ్వింది. "ఇంట్ల నాలుగు మాటలు మాట్లాడనోడు కోట్లేసుకున్నోళ్లకు చెప్తడట."

అయినా వారం రోజులు క్వార్టరు వెనక, ఆరేసిన డ్యూటీ బట్టల ముందు నిలబడి, ఆ నాలుగు మాటలే నేర్చుకున్నాడు.

సభలో సంఘం పెద్ద సత్తిబాబు తెర మీద ఒక ఎర్రగీత చూపించాడు. వృద్ధి రెండంకెలు దాటాలంటే నిర్మాణాత్మక సంస్కరణలు తప్పవన్నాడు. భూమి, కార్మిక చట్టాలు, బొగ్గు. నష్టాల గనిని మోయడమంటే రేపటి పిల్లల ఉద్యోగాలు ఇవాళే తినెయ్యడమన్నాడు. ఒక్క పరుషమైన మాట లేదు. గీత వానాకాలపు తీగలా పైకి పాకుతూనే ఉంది. అందులో తన బాయి ఎక్కడుందో మొగిలికి కనిపించలేదు.

అతని పేరు పిలిచారు. మైకు పనిచేస్తుందో లేదో తట్టి చూడమని ఎవరో సైగ చేశారు. మొగిలి వేలి కణుపుతో తట్టాడు.

సీలింగులోని స్పీకర్లలోంచి, సరిగ్గా నెత్తిమీద, డొల్లగా మోగింది.

అతను ఆలోచించలేదు. ఒకడుగు వెనక్కి పడింది. అరచెయ్యి లేచింది. చివరి వరుసలో కూర్చున్న అతని షిఫ్టువాళ్లు పన్నెండు మందీ లేచి, మాట్లాడకుండా తలుపు వైపు నడిచారు.

చేసిందేమిటో తెలిసేసరికి ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. "అట్ల కాదు సారూ" అన్నాడు, మైకుకు దూరంగా. సత్తిబాబు ఎంతో మర్యాదగా, నిరసన తెలిపే హక్కు అందరికీ ఉందని చెప్పి తర్వాతి వక్తను పిలిచాడు.

నివేదికలో వాళ్ల గురించి ఒకటే వాక్యం వచ్చింది. కార్మిక ప్రతినిధులు చర్చను బహిష్కరించారు. వీరేందర్ అది చదివి వినిపించి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

జాబితా మారలేదు. చివరి షిఫ్టులో మొగిలి ఎప్పటిలాగే ముందు నడిచి కప్పు తట్టాడు. ఖంగుమంది. ఆ ధ్వని చీకట్లో చాలా దూరం వెళ్లింది.

"మంచిగున్నది."

వెనక పన్నెండు దీపాలు కదిలాయి. వాళ్లు ఆ రోజు బొగ్గు కోసం రాలేదు, మోటార్లు విప్పి పైకి పంపడానికి వచ్చారు. మొగిలి ఇంకో చోట తట్టాడు. అక్కడా మంచిగానే ఉంది.