నమ్మని పాదం

కలిదిండి దగ్గర చేపల చెరువుల్లో పనిచేసే, షుగరు ఉన్న ఒక పెద్దాయన ఉండేవారు. షుగరు జబ్బు పాదాలను ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకునే పరిశోధన కోసం నేను నర్సుగా ఆ ఊళ్లు తిరిగేదాన్ని. ఆయన ఏదీ ఊరికే నమ్మేవారు కాదు. "రక్తం పట్టుకెళ్లి ఏం చేస్తారండీ? అమ్ముకుంటారా?" అని మూడుసార్లు వెనక్కి పంపేశారు.

నాలుగోసారి, "సూది లేదు బాబాయిగారూ. కళ్లు మూసుకోండి. పాదానికి ఈ బిరుసు నైలాను దారం కొన ఆనిస్తాను, తగిలితే చెప్పండి చాలు" అన్నాను.

రెండు పాదాలకూ అన్ని చోట్లా ఆనించాను. ఆయన పలకలేదు. కాసేపటికి కళ్లు తెరిచి, "మొదలెట్టరేంటమ్మా? ఊరికే రాసేసుకుంటున్నారా?" అని గద్దించారు.

"అయిపోయిందండీ."

నమ్మలేదు. దారం లాక్కుని తానే బొటనవేలికి గట్టిగా ఆనించుకున్నారు. దారం వంగింది గానీ ఆయనకేమీ తెలియలేదు. అప్పుడు నేను, మడమ కింద దిగబడి ఉన్న నత్తగుల్ల ముక్కను అద్దంలో చూపించాను.

"ఇదెప్పుడు గుచ్చుకుందండీ?" అని నన్నే అడిగారు. ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

ఏలూరు ఆసుపత్రికి ఆటోలో నా వెంటే వచ్చారు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది, కాలు మాత్రం దక్కింది. తర్వాత ఎప్పుడు వెళ్లినా, చెరువులోంచి రాగానే గట్టు మీద కూర్చుని అరికాళ్లు అద్దంలో చూసుకుంటూ కనిపించేవారు.

"నొప్పి లేదంటాయండీ ఇవి. వీటి మాట నమ్మకూడదు" అనేవారు.