మూతను నమ్మని అక్క

మనిషి నిప్పు కనుక్కోవడం, చక్రం దొర్లించడం అయ్యాక చెప్పుకోదగ్గ మూడో ఘట్టం, వైరస్ ప్రయోగశాలలోని టెక్నీషియనక్క గిన్నెల పేర్లను మూతల మీదే కాక గిన్నె గోడల మీద కూడా రాయడం. చరిత్రకారులింకా గమనించలేదు. బస్సు డ్రైవరైన ఆమె భర్త గమనించాడు. ఉప్పు సీసా గోడ మీద "ఉప్పు" చూసి, "పెళ్ళినాడే నా వీపు మీద కూడా రాసుకోవాల్సింది" అన్నాడు.

"మీకు మూతే లేదుగా, మారిపోవడానికి" అంది అక్క.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకటే. అరచేతిలో ఇమిడే గిన్నెల్లో కణాలు పెంచి, కొన్నిటికి హెర్పిస్ వైరస్ సోకించి, అన్నిటి మీదా యాంటీబాడీ చుక్కలు వేయడం. ఆ యాంటీబాడీ హెర్పిస్‌ను తప్ప మరొకర్ని ముట్టుకోదు. ముట్టుకున్న చోట మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. వైరస్ లేని గిన్నె చీకటిగానే ఉండాలి.

శుక్రవారం మధ్యాహ్నం పరిశోధక విద్యార్థిని మైక్రోస్కోపు గదిలోంచి పాలిపోయిన మొహంతో వచ్చింది. సోమవారం థీసిస్ ఇవ్వాలి.

"కొంప మునిగిందక్కా. వైరస్ లేని గిన్నె మెరుస్తోంది. ఈ యాంటీబాడీ కనబడ్డదాన్నల్లా పట్టుకుంటోంది. దీంతో తీసిన మూడేళ్ళ ఫొటోలూ దండగే."

"మరి వైరస్ ఉన్నది?"

"చీకటి."

అక్క తీరిగ్గా చేతి తొడుగులు వేసుకుంది.

"యాంటీబాడీకి బుద్ధి చెడితే రెండిట్నీ పట్టుకోవాలి తల్లీ. దొంగని వదిలేసి దొరని ఆపడానికి అదేమన్నా మన గేటు దగ్గర వాచ్‌మనా? ఇందాక మిగిలిన యాంటీబాడీ కడిగేటప్పుడు మూతలెక్కడ పెట్టావు?"

"రెండూ పక్కపక్కనే..." అని ఆ పిల్ల సగంలో ఆగిపోయింది.

అక్క మెరిసిన గిన్నెను దీపం కింద పక్కకి తిప్పింది. మూత మీద విద్యార్థిని ముత్యాల్లాంటి అక్షరాల్లో "వైరస్ లేదు". గోడ మీద అక్క కోడిగీతల్లో "ఉంది". రెండో గిన్నె గోడ "లేదు" అంది.

విద్యార్థిని స్టూలు మీద కూలబడింది. "నీ గోడరాతలు చూసి ఎంత నవ్వానక్కా" అంది.

"నవ్వితే నవ్వావులే. పొద్దుట్నుంచి ఏం తిన్నావు?"

"ఏం తినలేదు."

"లే. ముందు అది చూద్దాం పద."

సోమవారం పదకొండింటికి థీసిస్ ఆఫీసుకు చేరింది. నూట అరవై పేజీలు. ఆ రెండు గిన్నెల ఫొటో ఎనభై ఏడో పేజీలో ఉంది, అగ్గిపెట్టెంత.