లేని కేసు

తొమ్మిదేళ్ళ కిందట నా తమ్ముడికి ఒక అబద్ధం చెప్పాను. మొన్నటి దాకా వాడు దాన్ని నమ్ముతూనే బతికాడు. నమ్మకపోయి ఉంటే నాకింత బరువు ఉండేది కాదేమో. నిలదీసి, ఇంకో లాయరు దగ్గరికి వెళ్ళి కనుక్కొని, తిరిగొచ్చి నన్ను నాలుగు తిట్టి ఉంటే ఆనాడే తేలిపోయేది. వాడు అట్లా చేయలేదు. అక్క చెప్పింది కదా అనుకున్నాడు.

ఇది మీకెందుకు చెప్తున్నాను? మీరు నాకు తెలియరు గనుక. నేను తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. మా ఆయనకు చెప్పబోయి కూర గురించి మాట్లాడాను. అమ్మకు చెప్పబోయి మందులు వేసుకున్నావా అని అడిగాను. కాగితం మీద అట్లా మాట మార్చడం కొంచెం కష్టం. పేర్లు మార్చి రాస్తున్నాను. నా పేరు రాయను.

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నాన్న సిమెంటు లారీ నడిపేవాడు, నేను డిగ్రీలో ఉండగానే పోయాడు. అమ్మ నాపరాళ్ళ పాలిషింగ్ మిషన్ల దగ్గర కూలికి పోయి మా ఇద్దరినీ చదివించింది. మా పేటలో లా చదివిన మొదటి మనిషిని నేను. అప్పటికి కడప కోర్టులో ఒక సీనియర్ దగ్గర మూడేళ్ళుగా జూనియర్‌ని. తమ్ముడిని శామ్యూల్ అందాం. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. డిగ్రీ రెండో సంవత్సరం. వాడితో పాటు రోజూ అదే బస్సులో కాలేజీకి పోయే అమ్మాయి హరిత. మా ఊరే. కానీ ఊరిలో మా పేట వేరు, వాళ్ళ వీధి వేరు. వాళ్ళకు భూములున్నాయి, అమ్మ పనిచేసే పాలిషింగ్ షెడ్డు కూడా వాళ్ళదే. మేము చర్చికి పోయే కూలి కుటుంబం. ఇంతకంటే విడమరచి చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళు. ఎండలు ముదిరే వేళకు హరితకు నాలుగో నెల అని వాళ్ళింట్లో తెలిసింది.

వాళ్ళ పెదనాయన మా ఇంటికి రాలేదు. కోర్టుకు వచ్చాడు, నా దగ్గరికి. వెంట ఇద్దరు మనుషులు. కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు. ఆ ఇద్దరిలో ఒకడు నా బల్ల మీది ఫైళ్ళను ఒక్కొక్కటే తీసి, పైపేరు చదివి, మళ్ళీ ఉన్నచోటే సర్ది పెడుతున్నాడు. అంత జాగ్రత్తగా పెడుతుంటే నా ఫైళ్ళ వైపు నేనే చెయ్యి చాపలేకపోయాను.

“లాయరమ్మా, నువ్వు సదువుకున్నేదానివి. మీ తమ్మునికి నువ్వే చెప్పు. నువ్వు చెప్తే మాటతో పోతాది. మాకు మాటలు రావు” అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. వెళ్ళబోతూ ఆగి, “మీయమ్మను ఆ మిషన్ల కాడ జాగర్తగా ఉండమను” అన్నాడు.

ఆ శనివారం శాము కడపలో నా గదికి వచ్చాడు. నేనే పిలిపించాను. నేను నోరు తెరిచేలోపల వాడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. అడగాల్సినవన్నీ వరసగా రాసుకొచ్చాడు. పరీక్షకు పోయేవాడిలా ఉన్నాడు. భయం ఉంది, కానీ దాని కింద ఏదో సంతోషం కూడా ఉంది, దాచుకోలేకపోతున్నాడు. ఆ సంతోషాన్ని చూశాను నేను. చూడలేదని ఎప్పుడూ అనుకోలేకపోయాను.

“అక్కా, బిడ్డ పుట్టకముందు తండ్రికి ఏమన్నా హక్కు ఉంటాదా? పెండ్లి కాకుంటే?”

నాకు జవాబు తెలుసు. అది చెప్పలేదు.

“హక్కు సంగతి ఇడిసిపెట్టు. నీమీద కేసు పెట్టినారు.”

“ఏం కేసు?”

“ఆ పిల్లకు పద్దెనిమిది నిండలేదు. పోక్సో.”

వాడు నవ్వాడు. “నాకన్నా రెండు నెలలు పెద్దదక్కా. పంతొమ్మిదని బస్సులో కేకు గూడా కోసినాం.”

“కేకును కోర్టు సూడదురా. సర్టిఫికెట్లో తేదీ వేరే ఉండాది. నేను సూసినా.”

నవ్వు ఆగిపోయింది. కాసేపు కాగితం వైపే చూశాడు. “బిడ్డ నాదేనని నేనే పోయి చెప్తే?”

“అదే సాక్ష్యం అయితాది. పదేండ్లు లోపలుంటావు.”

“మరి హరిత?”

“నువ్వు కనపడకుంటేనే ఆయమ్మికి మంచిది.”

“ఇంకా రెండుండాయి అక్కా రాసుకొచ్చినవి. అడగల్నా, వద్దా?”

“వద్దు” అన్నాను.

కేసు లేదు. హరిత మైనరు కాదు. నేను ఏ సర్టిఫికెట్టూ చూడలేదు. వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఆ మిగిలిన రెండు ప్రశ్నలు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

సోమవారం వాడిని బెంగళూరు బస్సెక్కించాను. అక్కడ మా దూరపు చుట్టం ఒకాయన గోడౌన్‌లో పని చూపిస్తానన్నాడు. పాత సిమ్ము నేనే తీసేసుకొని కొత్తది ఇచ్చాను. ఆ అమ్మాయికి గానీ ఆమె స్నేహితులకు గానీ ఫోన్ చేస్తే పోలీసులు నిన్ను పట్టుకుంటారని చెప్పాను. తలూపాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపాడు కూడా.

ఇంతవరకే అయితే నేను ఇది రాసి ఉండేదాన్ని కాదు. ఆ పెదనాయన మాటలు, ఆ ఇద్దరు మనుషులు, మిషన్ల దగ్గర అమ్మ. తమ్ముడి ప్రాణం కాపాడుకున్నాను అని చెప్పుకోగలను. కొంతవరకు నిజమే కూడా. నిజం చెప్పి కూడా వాడిని ఊరు దాటించవచ్చు కదా? బెదిరించారురా, కొన్నాళ్ళు కనపడకుండా ఉండు అని ఉండవచ్చు కదా? అట్లా చెప్తే వాడు వెళ్ళడు, హరిత కోసం నిలబడతాడు, అందుకే చట్టాన్ని అడ్డం పెట్టాను. వాళ్ళకు భయపడనివాడు చట్టానికి భయపడతాడని నాకు తెలుసు, ఎందుకంటే చట్టం వాడికి నా రూపంలోనే తెలుసు. సరే. దీన్ని కూడా భయంతో చేసిన పని అనుకుందాం. తర్వాత చేసినదానికి ఆ సాకు లేదు.

హరితను నందికొట్కూరులో వాళ్ళ బంధువుల ఇంట్లో పెట్టారని విన్నాను. వానలు పడే రోజుల్లో కర్నూలులో కాన్పు అయింది. ఆ తర్వాత ఒక రోజు, కోర్టులో భోజనాల వేళ, తెలియని నంబరు నుంచి ఫోను.

“అక్కా, నేను హరితను. శాము నంబరు కలవడంల్యా.”

ఆమే చెప్పుకుపోయింది. ముందే అనుకొని పెట్టుకున్నట్టు, ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు.

“బిడ్డను దత్తతకు ఇచ్చేస్తామని పిల్లల కమిటీ ముందర నాతో సంతకం పెట్టించినారక్కా. తండ్రి ఎవరో తెలీదని రాయించినారు. ఆడ ఒక మేడం చెప్పింది, రెండు నెలల లోపల మనసు మార్చుకోవచ్చంట. ఇంకా ఇరవై రెండు దినాలుండాయి. నేను ఇంటికి పోలేదు, ఈడ్నే కర్నూల్లో హాస్టల్లో ఉండా. బట్టలంగట్లో పని దొరికింది. శాము వస్తే ఇద్దరం పోయి అడుగుతాం. తండ్రి పేరు గూడా రాయించుకుంటాం. వాడు రాకుంటే నేనొక్కదాన్నే సాకలేనక్కా. వస్తాడో రాడో, అదొక్కటి కనుక్కొని చెప్పు.”

“చెప్తాలే” అన్నాను.

చెప్పలేదు.

ఎందుకు? అప్పటికి హరిత ఇంటి నుంచి బయటికి వచ్చేసింది. మాకు ఆ పిల్ల లేదు అని వాళ్ళవాళ్ళు ఊళ్ళో చెప్పేశారు, ఇక మా జోలికి రావడం కూడా మానేశారు. ప్రాణభయం అని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. నాకు నంద్యాల నుంచి సంబంధం కుదిరింది, లెక్చరరు, పాస్టరు గారి కొడుకు. అది ఒక కారణమా? అవును, కొంత. శాము గోడౌన్‌లో కుదురుకున్నాడు, అమ్మ నిద్రపోతోంది. అదీ ఒక కారణమే. కానీ వీటన్నిటినీ పక్కకు జరిపి చూస్తే అడుగున ఇంకొకటి ఉంది. వాడు కర్నూలుకు వస్తే, కమిటీ ముందు నిలబడితే, తన మీద కేసు లేదని వాడికి తెలిసిపోతుంది. అక్క అబద్ధం చెప్పిందని తెలిసిపోతుంది. నేను కాపాడుకున్నది వాడిని కాదు. వాడి కళ్ళలో నన్ను.

వాయిదాల డైరీలో ఆ ఇరవై రెండో రోజు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. ఎవరైనా చూస్తే ఏదో కేసు అనుకుంటారు. రోజూ ఆ పేజీ దగ్గరవుతూ వచ్చింది. ఇంకా పదిహేను రోజులున్నాయి, రేపు చెప్దాం. ఇంకా తొమ్మిది. ఇంకా నాలుగు, బెంగళూరు నుంచి కర్నూలు ఎంత దూరం, ఒక పగలు చాలు. హరిత మధ్యలో రెండుసార్లు ఫోన్ చేసింది. వాడితో మాట్లాడుతున్నానని ఒకసారి చెప్పాను. రెండోసారి ఎత్తలేదు. చుక్క పెట్టిన రోజు నేను ఒక ఆస్తి తగాదాలో వాయిదా అడుగుతూ జడ్జి ముందు నిలబడి ఉన్నాను. సంచీలో ఫోను కదులుతూనే ఉంది. ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. బయటికి వచ్చి చూస్తే పదకొండు కాల్స్. సాయంత్రం ఐదు దాటే దాకా ఆ ఫోను పట్టుకొని కోర్టు మెట్ల మీద కూర్చున్నాను. ఆఫీసులు మూసేశారు. ఆ తర్వాత ఆ నంబరు నుంచి నాకు మళ్ళీ ఫోను రాలేదు.

శాముకు ఇప్పుడు ఇరవై ఎనిమిది. ఏడాదికోసారి క్రిస్మస్‌కు వస్తాడు, ఒక్క పూట ఉంటాడు. కాళ్ళు కడుక్కోకముందే అడుగుతాడు, “కేసు ఏమన్నా కదిలిందా అక్కా?” అని. “లేదులే, అట్లే పడుండాది” అంటాను. బస్సు ఎక్కబోతూ ఖాకీ చొక్కా కనపడితే దిగిపోయి తర్వాతి బస్సుకు వస్తాడు. పనిచేసేచోట ఏదో సామాను పోయి పోలీసులు అందరినీ పిలిచి విచారిస్తామంటే, తాను ఏమీ తీయకపోయినా తీసినవాడిలా ఆ పనే వదిలేసి పోయాడు. పెళ్ళి మాట ఎత్తితే, “ఇంకొక పిల్లను ఈ కేసులోకి లాగేదెందుకు” అంటాడు. చుట్టాల దగ్గర మాత్రం గొప్పగా చెప్తాడు, మాయక్క లేకుంటే నేను జైల్లో ఉందును అని. నేను ఆ మాటలు వింటూ వాళ్ళకు అన్నం వడ్డించాను.

పోయిన నెల రాయచోటిలో ఒక కాలేజీలో న్యాయ అవగాహన సదస్సుకు పిలిచారు. ఇప్పుడు నన్ను ఇట్లాంటివాటికి పిలుస్తుంటారు. చివర్లో ఒక విద్యార్థి లేచి, ముందు నేల చూసి, తర్వాత నన్ను చూసి అడిగాడు. పెళ్ళి కాని తండ్రికి పుట్టబోయే బిడ్డ మీద హక్కు ఉంటుందా మేడం? వెనక వరసల్లో నవ్వారు. వాడు నవ్వలేదు.

చెప్పాను. కడుపులో బిడ్డ ఉన్నంతవరకు చట్టం తండ్రికి ఏ హక్కూ ఇవ్వదు, ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆ అమ్మాయిదే. పుట్టాక కూడా పెళ్ళి కాని తల్లే గార్డియన్, తండ్రి ఆమె తర్వాతే. ఇరవై ఒకటి నిండనిదే అబ్బాయికి పెళ్ళి కుదరదు. కానీ ఇద్దరూ మేజర్లయితే, ఆమెకు ఇష్టమైతే, పక్కన నిలబడవద్దని ఏ చట్టమూ చెప్పదు. ఇద్దరూ కలిసి రాసిస్తే జనన నమోదులో తండ్రి పేరు ఎక్కుతుంది. తల్లి బిడ్డను అప్పగించినా, రెండు నెలల్లోపు వెనక్కి అడగవచ్చు. అప్పుడు నువ్వు పక్కన ఉంటే ఆమెకు ధైర్యం.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టించాడు.

రాయచోటి బస్టాండులో నిలబడి శాముకు ఫోన్ చేశాను. ఇంటికి వెళ్ళాక చేద్దాం అనుకుంటే చేయనని నాకు తెలుసు.

“శామూ, కేసు లేదురా.”

“కొట్టేసినారా?” వాడి గొంతులో అంత ఆనందం ఎప్పుడూ వినలేదు. అది విన్నాక మిగతాది చెప్పాల్సి వచ్చింది.

“ఎప్పుడూ లేదు. నేనే కల్పించినా.”

హరిత ఫోను గురించి, ఇరవై రెండు రోజుల గురించి, ఆ చివరి రోజు గురించి చెప్పాను. ఒక్కటీ దాచలేదు. ఫోను తెగిపోయిందేమో అని రెండుసార్లు చూశాను. తెగలేదు.

చివరికి అడిగాడు. “మగబిడ్డా, ఆడబిడ్డా?”

నాకు తెలియదు. హరిత అంతసేపు మాట్లాడితే, అన్నిసార్లు బిడ్డ అంటే, నేను ఆ ఒక్క మాట అడగలేదు.

“తెలీదురా. అడగలేదు” అన్నాను.

వాడు ఫోను పెట్టేశాడు.

ఇది జరిగి పంతొమ్మిది రోజులు. వాడు చేయలేదు, నేను చేయలేదు. హరిత ఎక్కడుందో తెలియదు. దత్తత ఫైళ్ళు అడిగే హక్కు నాకు లేదు, ఉన్నా ఏ ముఖం పెట్టుకొని అడగను? వాడు ఈసారి క్రిస్మస్‌కు రాకపోవచ్చు. హరితను వెతుక్కుంటూ కర్నూలు వెళ్ళి ఉండవచ్చు. అమ్మకు చెప్పి ఉండవచ్చు, నిన్న అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. ఏం జరుగుతుందో అని భయంగానే ఉంది. క్షమించమని మాత్రం ఎవరినీ అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. ఇక వాడు వచ్చి ఏమడిగినా నేను కల్పించి చెప్పాల్సింది ఏదీ లేదు. నాకు దొరికిన ఊరట అంతే.