దడుపు తాయెత్తు

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండినా, కిందటేడు కుట్టించిన గౌను ఇంకా సరిపోతూనే ఉండేది. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని మింగేది కాదు, నిద్రలో పక్క తడిపేది. తిరువూరు డాక్టరుగారు టానిక్కు రాసిచ్చారు. మా అత్తగారు మాత్రం, "టానిక్కు దేనికే, పిల్ల దడుసుకుంది. సాయిబుగారి చేత తాయెత్తు కట్టిద్దాం" అన్నారు.

దడుసుకుందన్న మాట నిజమే. అన్నం దగ్గర మారాం చేసినప్పుడల్లా మామగారు దాన్ని పత్తి గదిలోకి నెట్టి తాళం వేసేవారు. లోపల చీకటి, ఎలుకలు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దడుపుకి మందు వెతికేవాళ్లే గానీ, దడిపించిందెవరని అడిగేవాళ్లు ఒక్కరూ లేరు! భయంతో ముడుచుకుపోయిన పిల్ల ఎలా ఎదుగుతుందని నేనడిగితే, "మేమంతా ఆ గదిలో ఏడ్చి పెరిగినవాళ్లమేనమ్మా" అని మామగారు నవ్వేవారు. అంత వయసొచ్చినా ఆయనకి పక్కన దీపం లేనిదే నిద్ర పట్టేది కాదు.

చివరికి విసిగిపోయి, "తాయెత్తు కట్టించండి అత్తయ్యా, కానీ ఆ గది తాళంచెవి నాకివ్వండి" అన్నాను.

"బీఏ చదివావని పెత్తనం కూడా నీకేనా?" అంటూనే రొంటిన దోపుకున్న తాళంచెవి తీసి నా ముందు పడేశారు. దాన్ని మంగళసూత్రాల దగ్గర పిన్నీసుకి తగిలించుకున్నాను.

మళ్లీ మామిడికాయల రోజులొచ్చేసరికి గౌను మోకాళ్ల పైకి పోయింది. నేను అంచు మడత విప్పి పొడుగు చేస్తుంటే, అత్తగారు వీధిన పోయేవాళ్లని పిలిచి మరీ చెప్పారు:

"చూశారా, తాయెత్తు మహిమ!"