మత్తయి నడిపిన యెజ్డీ

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన మత్తయి మెకానిక్ షెడ్డుకు బోర్డు ఎప్పుడూ లేదు. యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి పాత మోటార్‌సైకిళ్లున్నవాళ్లు దారి అడుగుతూ వచ్చేవాళ్లు. మత్తయికీ ఒక యెజ్డీ ఉండేది.

అది వీరస్వామి పటేల్‌ది. వాగులో పడ్డాక పశువుల కొట్టంలో తుప్పు పట్టిపోయింది. బావి మోటారు బాగుచేయడానికి వెళ్లిన మత్తయి దాన్ని అదేపనిగా చూస్తుంటే, "పాత ఇనుమే గదరా. తీస్కపో, నీదే" అన్నాడు పటేల్. అప్పటికి మత్తయికి కొత్తగా పెళ్లయింది. దొరికిన సామానల్లా తెచ్చి, పగిలినవి అతికించి, చలికాలమంతా దానితోనే కూర్చున్నాడు. మొదటిసారి స్టార్టయిన రోజు బజారు సగం పొగతో నిండింది. భార్య మారెమ్మ దగ్గుతూ, నవ్వుతూ బయటికొచ్చింది. జ్వరంతో కాలిపోతున్న కూతురు స్టెల్లాను హైదరాబాద్ దవాఖానకు మోసుకెళ్లింది ఆ బండే. కందుకూరులో మారెమ్మ తల్లి పోయిందని కబురొస్తే వానలో తీసుకెళ్లిందీ అదే.

కాగితాలు మార్చమని అడిగినప్పుడల్లా, "నేనుండంగ నీకేం ఫికర్‌రా" అనేవాడు పటేల్. నిరుడు ఆయన పోయాడు.

ఆయన కొడుకు అమరేందర్ రావిర్యాల దగ్గర పెద్ద హోటల్ కట్టిస్తున్నాడు. పాత బండ్లకు ఇప్పుడు మోజు. ఒకరోజు కారు దిగి నేరుగా షెడ్డుకొచ్చాడు.

"మత్తయ్యా, మా బాపు బండి గావాలె."

"గది బాపు నాకిచ్చిండు పటేలా. ఊరందరికీ ఎర్కే."

"కాయితాలు ఎవరి పేరు మీదున్నయ్?"

కాగితాలు ఇంకా వీరస్వామి పటేల్ పేరు మీదే ఉన్నాయి.

పంచాయితీ పెట్టారు. పటేల్ ఇచ్చిన సంగతి తెలిసినవాళ్లే అక్కడ కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. మందిరం పెద్ద జాకబ్ అయితే, "పెద్దోళ్లతోని లొల్లి ఎందుకన్నా, ఇచ్చెయ్" అన్నాడు. ఆయన బండిని ఏనాడూ పైసా అడగకుండా బాగుచేసింది మత్తయే.

మీర్‌పేట్‌లో టీచరుగా పనిచేస్తున్న స్టెల్లా మండిపడింది. "కోర్టుకు పోదాం బాపూ."

"కోర్టు తెగేదాంక నేనుండాలె గద బిడ్డా."

ఇచ్చే రోజు పొద్దున్నే బండి కడిగి, ప్లగ్గు శుభ్రం చేసి, చైనుకు నూనె పెట్టాడు.

"గుంజుకునేటోనికి గింత తుడిచిస్తవా?" అంది మారెమ్మ.

"బండేం జేసింది?"

రావిర్యాల దాకా తనే నడుపుకుంటూ వెళ్లి అప్పగించాడు. "పెట్రోల్ల ఆయిల్ కలపాలె పటేలా. ఉత్త పెట్రోల్ పోస్తే లోపల ఎండి ఇంజన్ పట్టేస్తది" అన్నాడు. అమరేందర్ ఫోన్ చూస్తూనే తలూపాడు. మత్తయి బస్సులో తిరిగొచ్చాడు.

హోటల్ మొదలుపెట్టిన రోజు అమరేందర్ చుట్టాల ముందు బండెక్కి రోడ్డు మీదికి తీశాడు. ఎంతో దూరం పోకముందే చక్రం బిగుసుకుని బండి ఆగిపోయింది. మర్నాడు షెడ్డు ముందు నిలబడి అందరూ వినేలా అరిచాడు.

"కడుపుమంటతోని ఖరాబు జేసి ఇచ్చినవ్!"

"ఆయిల్ కలిపిన్రా పటేలా?"

"నాకు జెప్పొస్తవా? నీ చేతిల ఇన్నేండ్లు ఉరికిన బండి నా చేతికి రాంగనే ఎట్లాగింది?"

ఆ మాట ఊరంతా పాకింది. నమ్మనివాళ్లు కూడా కాదనలేదు. రిపేరుకిచ్చిన రెండు బండ్లను వాటి సొంతదార్లు తోసుకుని వెళ్లిపోయారు. వారం తిరగకముందే అమరేందర్ మనిషిని పంపాడు: వచ్చి బాగుచేస్తే తప్పు మరిచిపోతాడట.

"నేను జేసిన తప్పేంది?" అన్నాడు మత్తయి. "పోయి చెప్పు. నేను చెయ్య."

ఇంజన్ విప్పనని మత్తయి అనడం అదే మొదటిసారి. ఆ రోజంతా అతను మరే పనీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత తోటి టీచరు పుట్టినరోజు విందుకు ఆ హోటల్‌కు వెళ్లిన స్టెల్లా, యెజ్డీ గోడకు బిగించి ఉండటం చూసింది. రంగు కొత్తది. కింద పలక మీద 'మా నాన్నగారు జీవితాంతం నడిపిన బండి' అని రాసి ఉంది. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు, అన్నం తింటున్న తండ్రికి ఆ సంగతి చెప్పింది.

మత్తయి చెయ్యి ఆగింది.

"నడిపింది నేను గద, మారెమ్మా."

"అవ్" అంది ఆమె.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. తినమని మారెమ్మ అడగలేదు.